తీగ కట్టిన చేపలు

ఆబిడ్స్, హైదరాబాదు
8 ఆగస్టు 1966

చిరంజీవి మోహన్‌కు అక్క దీవెనలు.

నీ పార్సిలు వచ్చిన నిన్నటి రోజును మినహాయిస్తే అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నాంపల్లి స్టేషను పార్సిలు గుమాస్తా మా క్యాన్సర్ పరిశోధనశాలకు ఫోను చేసి, శేషారత్నం ఎవరో వెంటనే వచ్చి సామాను తీసుకుపోవాలనీ, తమవాళ్ళెవరూ గదిలో కూర్చోలేకపోతున్నారనీ చెప్పాడు. మా అటెండరు కిషన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. గోనెసంచిలో అరటాకులు, వాటిలో ఉప్పు దట్టించిన, వీపు మీద గడ్డలు లేచిన రెండు బొచ్చె చేపలు. రిక్షావాళ్ళు ఎక్కించుకోవడానికి ఒప్పుకోలేదు. కిషన్ ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మోశాడు. వెనక నేను, నా వెనక మూడు కుక్కలు.

ఒరే, నువ్వు జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివావు. ఉప్పు కణాల్లోని నీళ్ళన్నీ లాగేస్తుందని నీకు నేను చెప్పాలా? ఆ చేపతో కూర వండుకునేవాళ్ళు వండుకుంటారేమో గాని, గడ్డలో ఏముందో చూడడం ఎవరి తరమూ కాదు. చేప చచ్చిన గంటలోపు గడ్డను కోసి, కందిగింజంత ముక్కలు చేసి, కుళ్ళనివ్వని మందు ఫార్మలిన్‌లో వేయాలి. బేగం బజారులో బిగువు మూతల సీసాలు కొని, ఫార్మలిన్ పోసి మీ ఆఫీసు జీపులో పంపిస్తున్నాను. ఇంకో సంగతి. గడ్డలు నువ్వు బిళ్ళలు కట్టిన చేపలకు వస్తున్నాయా, కట్టని వాటికా? అది తప్పకుండా రాయి.

మా దగ్గర రోగుల గడ్డల నుంచి తీసి సీసాల్లో పెంచే కణాలు కరెంటు పోయినప్పుడల్లా చచ్చిపోతూనే ఉన్నాయి. ఒక్క సీసా మాత్రం పోయిన సెప్టెంబరు నుంచీ నిలబడి, గడ్డిలా పెరుగుతోంది. డిసెంబరులో బొంబాయి సభలో మా డాక్టర్ ఇంద్రసేనగారు దాని మీదే పత్రం చదువుతారు.

మన వంశంలో చేపను తాకినవాడు నువ్వొక్కడివేనని అమ్మ నిన్నటి నుంచి గొణుగుతోంది.

అక్క,
శేషారత్నం

మల్లారం ప్రాజెక్టు, తాండూరు దగ్గర
17 ఆగస్టు 1966

అక్కయ్యకు తమ్ముడు జగన్మోహనరావు నమస్కారాలు.

నీ ఉత్తరంలో మూడు వంతులు తిట్లు, ఒక వంతు కుక్కలు. ఇంత అడవిలో ఉండి కూడా నీకు చేపను పంపగలిగానన్న సంగతి నీకు తట్టలేదు. ఫార్మలిన్ అందింది. ఈసారి మొత్తం చేపనే అందులో ముంచి పంపుతున్నాను. కోయడానికి ఇక్కడ పదునైన కత్తి లేదు.

నేను చేసే పని నీకు ఇంతకుముందు చెప్పినా నువ్వు విన్నట్టు లేదు. ఈ ప్రాజెక్టు నీటిలో చేపలు మొత్తం ఎన్ని ఉన్నాయో తేల్చమని మత్స్యశాఖవాళ్ళు నన్నిక్కడికి పంపారు. వెయ్యి చేపలను పట్టి, ఒక్కొక్కదాని వీపు రెక్క కింద తీగతో చిన్న రేకు బిళ్ళ కట్టి వదిలేశాను. తర్వాత వలల్లో పడినవాటిలో బిళ్ళవి ఎన్నో చూస్తాను. అవి ఎక్కువగా దొరికితే మొత్తం చేపలు తక్కువన్నమాట, అరుదుగా దొరికితే లోపల చాలా ఉన్నాయన్నమాట. నాకు చాలా అరుదుగా దొరికాయి. లెక్క కడితే నాలుగు లక్షలు తేలింది. పోయిన నెలే రిపోర్టు పంపాను. ఇంత చిన్న ప్రాజెక్టులో అంత చేప ఉందా అని పై ఆఫీసువాళ్ళు పొంగిపోయారట. వచ్చే సీజనుకు బయటి కంట్రాక్టరుకు పెద్ద వలలు వేసే హక్కు వేలం వేస్తారని వింటున్నాను.

గడ్డల సంగతి అంటావా, అవి క్యాన్సరేనని నా అనుమానం. నిజమైతే నీ సీసా కన్నా నా చేపే ముందు బొంబాయి వెళుతుంది. అమ్మకు నమస్కారాలు.

మోహన్

(కార్డు)
నాంపల్లి
2 సెప్టెంబరు 1966

మోహన్‌కు,

ఇన్లాండు కవర్లు అయిపోయాయి. గన్‌ఫౌండ్రీ పోస్టాఫీసులో వరుస చూసి భయపడి కార్డు మీదే రాస్తున్నాను. చేపను కోయకుండా ముంచావు కాబట్టి మందు లోపలికి దిగలేదు, గడ్డంతా కుళ్ళిపోయింది. కత్తి లేకపోతే మంగలిని అడగాల్సింది. నేను అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. నీ ఉత్తరం డాక్టరుగారికి చూపించడం నా బుద్ధితక్కువ. ఆయన అప్పుడే పత్రానికి పేరు ఆలోచిస్తున్నారు. ఏదీ తేలకుండా మల్లారం చేపలకు క్యాన్సర్ అన్న మాట అక్కడ ఎవరి చెవినా పడనివ్వకు. జనం హడలిపోతారు.

అక్క

మల్లారం
11 సెప్టెంబరు 1966

అక్కయ్యా,

ఎవరి చెవినా పడనివ్వకని నువ్వు చెప్పిన మాట ఊరందరి చెవినా పడింది. ఇక్కడ తపాలా సంచి విప్పేది కిరాణా కొట్టు అరుగు మీద. నీ కార్డు నాకు చేరేసరికి చదవడం వచ్చిన ప్రతివాడూ చదివాడు, రానివాళ్ళకు చదివి వినిపించాడు. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరమ్మ రాసిందని చెప్పుకున్నారు. నువ్వు డాక్టరువి కావనీ, గడ్డలను పలచగా కోసి రంగులద్దే ఉద్యోగమనీ నేనంటే ఎవరూ వినలేదు.

నాలుగు రోజులుగా తాండూరు సంతలో మల్లారం చేపను ముట్టుకునేవాడు లేడు. ఇక్కడ అరవై ఇళ్ళవాళ్ళు వల మీదే బతుకుతారు. జాలర్ల సొసైటీ పెద్ద దుర్గయ్య నా క్వార్టరు ముందుకు వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. దుర్గయ్య భార్య పోశవ్వ మాత్రం ఆగకుండా మాట్లాడింది. నేను తీగ కట్టిన చేపలకే గడ్డలు లేస్తున్నాయట, నేను రాకముందు ఇక్కడి చేపకు చిన్న మచ్చ కూడా లేదట. చదువు లేని మనిషితో ఏం వాదించను?

గడ్డ క్యాన్సర్ కాదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి పంపు. కార్డు మీద కాదు.

మోహన్

ఆబిడ్స్
16 సెప్టెంబరు 1966

మోహన్,

కార్డు మీద రాయడం నా తప్పే. ఒప్పుకున్నాను. ఇక దానికి నన్ను ముసలితనం దాకా ఎత్తిపొడవకు.

చూడకుండా కాగితం ఎలా ఇస్తాను? రెండుసార్లు పంపావు, ఒకటి ఉప్పుచేప, ఒకటి కుళ్ళుచేప. రైలును నమ్మకుండా మనిషి చేత పంపు. మంగలి కత్తితోనే కోయి. గడ్డ ఉన్నవాటి నుంచీ లేనివాటి నుంచీ ముక్కలు తీసి వేరు వేరు సీసాల్లో వేసి, ఏది బిళ్ళ కట్టిన చేపదో, ఏది కానిదో పైన రాయి. ఇప్పటికి అడగడం మూడోసారి. ఆ పోశవ్వ అన్నదే నేనూ మొదటి ఉత్తరం నుంచీ అడుగుతున్నాను. ఆమెకు చదువు లేదన్నావు, మరి నాకూ లేదా?

అమ్మకు మోకాళ్ళ నొప్పి. నువ్వు రాసిన ఉత్తరాలు చదివి వినిపిస్తే ఇంకా పెరుగుతోంది.

అక్క

మల్లారం
24 సెప్టెంబరు 1966

అక్కయ్యకు,

ఈ ఉత్తరమూ సీసాలూ తెచ్చేది పోశవ్వ. నేను ఆఫీసు ప్యూనును పంపుదామనుకున్నాను. దారిలో సీసాలు మార్చేస్తారని తనకు అనుమానమట, తానే తెస్తానని పట్టుబట్టింది. హైదరాబాదు ఎప్పుడూ చూడలేదు. నాంపల్లిలో దిగగానే కిషన్ ఎదురొచ్చేలా చూడు. నువ్వు చెప్పినట్టే కోశాను, చీటీలు అంటించాను.

తీగ గురించి ఆవిడ చెప్పేదంతా నమ్మకు. మర్నాటి బండికే తిప్పి పంపేయి.

మోహన్

ఆబిడ్స్
5 అక్టోబరు 1966

మోహన్‌కు ఆశీస్సులు.

పోశవ్వ మర్నాటి బండికి రాలేదని నువ్వు కంగారు పడి ఉంటావు. సీసాలు నా చేతికిచ్చి, ఇక విశ్రాంతి తీసుకోమంటే ఆమె అన్న మాట ఇది: "సీసాలిచ్చి పోతందుకు రాలేదమ్మా. దాంట్ల ఏమున్నదో చూసి పోతందుకు వచ్చిన." ముక్కలను మైనంలో పొదిగి, పలచగా కోసి, రంగు పట్టించడానికి నాలుగు రోజులు పడుతుందన్నాను. అయితే నాలుగు రోజులుంటానంది.

అమ్మ ఆమెకు వరండాలో విస్తరి వేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోశవ్వ అటూ ఇటూ చూసి, "గీడ గాలి మంచిగొస్తున్నది" అని కూర్చుంది. రెండో రోజు నుంచి నేనూ వరండాలోనే తిన్నాను. మూడో రోజు అమ్మ మోకాళ్ళకు ఆమె ఏదో ఆకు నూరి కట్టింది. ఇప్పుడు అమ్మ రోజూ ఆమెను అడుగుతోంది గాని, విస్తరి సంగతి మా ఇద్దరి మధ్యా ఇంకా అలాగే ఉంది.

ఇక చూసిన సంగతి. గడ్డలున్న తొమ్మిది చేపలూ నువ్వు తీగ కట్టినవే. కట్టనివాటిలో ఒక్కదానికీ లేదు. గడ్డ నడుమ సన్నటి బెజ్జం, అది నీ తీగ దూర్చిన చోటు. దాని చుట్టూ కణాలు పొరలు పొరలుగా పేర్చుకున్నాయి. గాయం మానేటప్పుడు ఎక్కడైనా జరిగేది అదే. తీగ కదులుతూ రోజూ కోస్తుంటే, మానడానికి కణాలు రోజూ పెరుగుతూ వచ్చాయి. క్యాన్సర్‌లోనూ కణాలు పెరుగుతాయి, కాని అవి హద్దు దాటి పక్క కండలోకి చొరబడతాయి. ఇవి దాటలేదు. కొన్నిచోట్ల గాయం పుండై చీము కూడా పట్టింది.

పోశవ్వకు సూక్ష్మదర్శినిలో రెండూ చూపించాను, ముందు నీ చేప గడ్డ, తర్వాత ఒక రోగి గడ్డ. మొదటిది చూసి, "మంచిగ అల్లిన వల లెక్కున్నది" అంది. రెండోదాని మీద చాలాసేపు వంగి, "గిది చిక్కువడ్డ వల. విప్పరాదు, కోసేసుడే" అంది. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నేను ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

నిన్ను ఎక్కువ బాధించే సంగతి ఇప్పుడు రాస్తున్నాను. గడ్డలున్న చేపలను ఏం చేస్తారని అడిగాను. "బజార్ల ఎవరు కొంటరమ్మా? బిళ్ళతోని సహా నీళ్ళల్నే పారేసినం. సారుకు చూపిస్తే కోపమొస్తదని చూపియ్యలేదు. చచ్చి తేలినయి గూడ మస్తున్నయి" అంది. అంటే నీ బిళ్ళ చేపలు అరుదుగా దొరికింది, లోపల చేపలు లెక్కలేనన్ని ఉన్నందువల్ల కాదు. అవి చచ్చిపోయాయి, పారేశారు. నీ నాలుగు లక్షలు ఒక లక్ష కూడా కాకపోవచ్చు. దాని మీద పెద్ద వలలు దింపితే రెండేళ్ళలో ఆ నీటిలో ఏమీ మిగలదు.

వెళ్ళేటప్పుడు ఆమె ఇంకో మాట అంది. "మీ తమ్ముడు మంచోడే. అన్నీ పుస్తకంల రాసుకుంటడు. మేం చెప్పింది ఒక్కటే రాసుకోడు."

రిపోర్టు రెండు రోజుల్లో టైపు చేయించి పంపుతాను.

అక్క

మల్లారం
12 అక్టోబరు 1966

అక్కయ్యకు,

ఏడాది పని నాది. చలిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి వెయ్యి చేపలకు తీగ కట్టింది నేను. నువ్వు తొమ్మిది ముక్కలు చూసి అంతా తప్పని తేల్చేశావు. పుస్తకాల్లో ఉన్న పద్ధతే నేను చేశాను, ఎక్కడో చలిదేశపు చేపల మీద చేసి చూసిన పద్ధతి. ఇక్కడి వెచ్చటి నీళ్ళలో పుండు పడుతుందని వాళ్ళు రాయలేదు.

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని నీకు తెలుసు. నేను అడిగింది ఒక్కటే, గడ్డ క్యాన్సర్ కాదని రాయమన్నాను. ఆ వాక్యం చాలు, సంతలో జనం మళ్ళీ కొంటారు. తీగ సంగతి నిన్ను ఎవరూ అడగలేదు. అది రిపోర్టులో పెట్టకు. తర్వాత మెల్లగా నేనే ఏదో ఒకటి చేస్తాను.

నీకేం, గదిలో కూర్చుని పని. నీ సీసాలో కణాలు నువ్వు చెప్పినట్టు వింటాయి. నా చేపలు వినవు.

మోహన్

ఆబిడ్స్
20 అక్టోబరు 1966

మోహన్,

నా కణాలు నేను చెప్పినట్టు వింటాయని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

కణం రెండుగా చీలేముందు లోపలి క్రోమోజోములు పుల్లల్లా విడివిడిగా కనిపిస్తాయి. మనిషివి చాలావరకు నడుము నొక్కినట్టుంటాయి. ఎలుకవి నడుము లేని సూటి పుల్లలు. బొంబాయి పత్రంలో వేయడానికి బొమ్మలు కావాలని డాక్టరుగారు అంటే, సెప్టెంబరు మూడో వారంలో మా గొప్ప సీసాలోని కణాలను చూశాను. అన్నీ సూటి పుల్లలే. మర్నాడు మళ్ళీ చూశాను. అవి ఆ రోగి కణాలు కావు. పక్క అరలో పెంచే ఎలుక కణాలు. ఏదో ఒక రోజు ఒకే గొట్టం రెండు సీసాల్లోనూ ముంచి ఉంటాను. ఏ రోజో నాకే తెలియదు. రోగి కణాలు ఎప్పుడో చచ్చిపోయాయి, ఎలుకవి ఆ చోటు ఆక్రమించాయి. అందుకే గడ్డిలా పెరిగాయి. ఏడాదిగా నేను మురిసిపోయింది వాటిని చూసి.

ఇది తెలిసిన వారానికి పోశవ్వ వచ్చింది. నీకు అంత పెద్ద ఉత్తరం రాసినప్పుడు నా సంగతి నాకు తెలుసు. తెలిసే నీకు బుద్ధి చెప్పాను. నాలుగు వారాలు సీసా మీది చీటీ మార్చకుండా, నోరు తెరవకుండా, డాక్టరుగారు పత్రం రాసుకుంటుంటే పక్కన నిలబడి పేజీలు అందించాను. నువ్వు "తర్వాత మెల్లగా" అని రాశావే, సరిగ్గా ఆ మాటే నేనూ రోజూ అనుకున్నాను.

నిన్న చెప్పేశాను. ఇంకెవరికైనా చెప్పావా అని ఆయన అడిగారు. లేదన్నాను. అయితే బొంబాయి నుంచి వచ్చాక చూద్దామన్నారు. పరిశోధనశాల పుస్తకంలో అప్పటికే సిరాతో రాసేశానని చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి చూసి, మూసి, బయటికి వెళ్ళిపోయారు. ఈ ఉదయం పత్రం చదవడం లేదని బొంబాయికి తంతి ఇచ్చారు. నన్ను సీసాలు కడిగే గదికి మార్చారని కిషన్ వచ్చి చెప్పాడు. పాపం, నాకన్నా అతనికే ఎక్కువ సిగ్గు.

రిపోర్టు దీనితో పెట్టాను. క్యాన్సర్ కాదని మొదటి పేరాలో ఉంది, తీగ సంగతి రెండో పేరాలో. రెండోది కత్తిరించి పంపాలంటే నీ దగ్గర కత్తెర ఉంటుంది. నేను కత్తిరించను.

అక్క

మల్లారం
27 నవంబరు 1966

అక్కయ్యకు నమస్కారాలు.

నెల రోజులు ఉత్తరం రాయలేదని అమ్మ బెంగ పెట్టుకుందని తెలిసింది. కోపంతో కాదు. ముందు నీ రిపోర్టు మీద కోపమే, తర్వాత నీ కడిగే గది గుర్తొచ్చి కోపం ఎక్కడికో పోయింది. అయినా నమ్మకం కుదరలేదు. పోశవ్వను పిలిచి, ప్రాజెక్టు పక్కన చిన్న కుంటకు కంచె కట్టించాను. పది చేపలకు తీగ కట్టి, పదింటికి కట్టకుండా అందులో వదిలాం. రోజూ ఆమె చూసి చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. మూడు వారాల్లో తీగ కట్టినవి నాలుగు చచ్చిపోయాయి, ఇంకో మూడింటికి గడ్డలు. కట్టనివి పదీ బతికాయి. ఇక వాదించడానికి నాకేం మిగల్లేదు.

నీ రిపోర్టు కత్తిరించకుండానే పై ఆఫీసుకు పంపాను. నా లెక్క తప్పనీ, వేలం ఆపమనీ పైన ఉత్తరం పెట్టాను. మా అధికారి జీపులో వచ్చి, తనకు కావలసింది సంఖ్య, పశ్చాత్తాపం కాదన్నాడు. సంజాయిషీ రాసి ఇమ్మన్నాడు. ఇచ్చాను. మళ్ళీ లెక్క తేలేదాకా పెద్ద వలల వేలం వాయిదా వేశారు. నన్ను ఇక్కడ ఉంచుతారో, ఇంకెక్కడికైనా తోసేస్తారో తెలియదు.

తాండూరు సంతకు దుర్గయ్యతో కలిసి వెళ్ళాను. రిపోర్టులోని మొదటి పేరా చదివి వినిపించాను. జనం విన్నారు, ఎవరూ కొనలేదు. సారు తింటే మేమూ తింటామని ఒకాయన అన్నాడు. దుర్గయ్య అక్కడే వేయించిన ముక్క ఆకులో పెట్టి నా ముందుంచాడు. తిన్నాను అక్కయ్యా. రెండు ముక్కలు. రుచి సంగతి తర్వాత ఎప్పుడైనా చెబుతాను. అమ్మకు ఈ పేరా చదవకు. సాయంత్రానికి బుట్టలు ఖాళీ అయ్యాయి.

ఇంకా ఒకటి మిగిలింది. మొన్న ఆదివారం సొసైటీ మీటింగులో అరవై ఇళ్ళవాళ్ళూ ఉండగా నిలబడి, గడ్డలకు కారణం నేను కట్టిన తీగేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. దుర్గయ్య లేచి నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"అయితే సారు, గిప్పుడు నీళ్ళల్ల ఎన్ని చేపలున్నయి?"

"నాకు తెల్వదు" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ళ మాటే వచ్చింది.

వెనక వరుసలోంచి పోశవ్వ లేచింది. "గీ మాట మొదలే అనుంటే, ఇన్ని చేపలు సావకపోతుండె గదా సారు" అంది.

ఆమె కోపంగా అనలేదు.

కొత్త లెక్క మొదలుపెట్టాం. తీగలు లేవు, బిళ్ళలు లేవు. రోజూ తెల్లవారగానే దుర్గయ్య పడవలో వెళ్ళి, ఎవరి వలలో ఏ చేప ఎంత పొడవుది ఎన్ని పడ్డాయో ఒడ్డునే కొలిచి రాస్తున్నాను. సంఖ్య తేలడానికి రెండేళ్ళు పడుతుంది. పోశవ్వ చూసి చెబుతుంది, నేను రాస్తాను. రాసింది మొత్తం తిరిగి చదివి వినిపిస్తే తప్ప నన్ను ఒడ్డు దాటనివ్వడం లేదు. నిన్న ఒక చేప మరచిపోయానని మళ్ళీ మొదటి నుంచీ చదివించింది.

తమ్ముడు,
మోహన్